లేఖల నాగమ్మగారు

మా మేనత్త ట్రంకు పెట్టెలో రెండు తెల్ల పంచెలు, కాశీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన మూత బిగించిన గంగ చెంబు, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం ఉండేవి. పుస్తకం పేరు శ్రీరమణాశ్రమ లేఖలు. మా అత్తయ్యకి తొమ్మిదో ఏట పెళ్ళి, పదో ఏట వైధవ్యం. కాపరానికి వెళ్ళిందీ లేదు, మొగుడి మొహం సరిగ్గా చూసిందీ లేదు. జీవితమంతా తెనాలిలో మా ఇంట్లోనే గడిపింది. అక్షరం ముక్క రాదు. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో చెంగు పరుచుకుని పడుకుని, నన్ను పుస్తకం చదవమనేది. ఉత్తరానికో బెల్లం ముక్క. అది మా ఒప్పందం.

అప్పటికి నాకు పదేళ్ళు. బెల్లం మీద ఉన్న ధ్యాస వేదాంతం మీద ఎందుకుంటుంది? ఆత్మ, అహంకారం అని వచ్చినచోటల్లా నాలుగు వాక్యాలు దాటేసి చదివేదాన్ని. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి కాస్తా ఠక్కున లేచి కూర్చుని, మధ్యలో ముక్క మింగేశావు, మళ్ళీ చదువు అనేది. చదువు రాని మనిషికి ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

ఆ పుస్తకం రాసిన సూరి నాగమ్మగారి గురించి చాలామందికి తెలుసు. తిరువణ్ణామలై వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళకి మరీ తెలుసు. అయితే రమణ మహర్షిని గురించి చెప్పుకున్నంతగా ఆవిణ్ణి గురించి ఎవరూ చెప్పుకోరు. లేఖల్లో ఆవిడ తనని తాను వీలైనంత పక్కకి పెట్టుకుంది కదా, మనమూ అలాగే పక్కకి పెట్టేశాం.

మంగళగిరి దాటి బెజవాడ వైపు వస్తుంటే కొలనుకొండ అనే ఊరు తగులుతుంది. నాగమ్మగారు 1902లో అక్కడ పుట్టారు. నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ రోజుల ఆచారం ప్రకారం చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. పన్నెండేళ్ళు నిండీ నిండకుండానే ఆ భర్తా పోయాడు. ఒక ఆడపిల్లకి నా అనేవాళ్ళందరూ పోవడానికి పుష్కరం సరిపోయింది.

వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. అంటే నాగమ్మగారు పుట్టడానికి ఇరవయ్యేళ్ళ ముందే. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని ఇంగ్లీషువాళ్ళ చట్టం వచ్చింది అంతకంటే ముందు, 1856లో. చట్టం ఉంది, పంతులుగారి పేరు ఊరూరా మోగింది, అయినా కొలనుకొండలో ఒక పన్నెండేళ్ళ పిల్లకి జరగాల్సింది జరిగిపోయింది. చట్టం గుమ్మం దాకా వస్తుంది గానీ గుమ్మం దాటి లోపలికి రావడానికి ఎన్ని తరాలు పడుతుందో మా ఇంట్లో చూశాను కనుక నాకు ఇందులో వింతేమీ కనబడలేదు.

చిన్న వయసులో భర్త పోయిన పిల్లని నలుగురి కంట పడనివ్వకూడదని ఏళ్ళ తరబడి గదిలో ఉంచేసేవారు. నాగమ్మగారి బాల్యం, కౌమారం అలాంటి గదిలోనే తెల్లారిపోయాయి. మా అత్తయ్య కూడా ఆ గది సంగతి చెప్పేది. ఇంట్లో పేరంటం జరుగుతుంటే తలుపు సందులోంచి పట్టుచీరల అంచులు మాత్రం కనిపించేవిట. ఎవరి చీర ఏ రంగో అంచుని బట్టి గుర్తుపట్టడం ఆవిడకి కాలక్షేపం. ఆ మాట నవ్వుతూనే చెప్పేది.

నాగమ్మగారు ఆ గదిలో ఏంచేసింది? చదువుకుంది. బడి లేదు, పంతులు లేడు. ఇంట్లో దొరికిన పుస్తకాలు పట్టుకుని తనకి తనే తెలుగు చదవడం, రాయడం నేర్చుకుంది. పోతన భాగవతం దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివింది. నెమ్మదిగా పాటలు, పద్యాలు కట్టడం కూడా పట్టుబడింది. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆలోచించండి. ఆ రోజుల్లో ఆడపిల్ల చదివితే మొగుడు పోతాడనేవారు. ఈ పిల్లకి ఆ భయమూ తీరిపోయింది. పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేని పిల్ల పుస్తకం చేతికి తీసుకుంది.

ఆ యౌవనంలోనే ఒకనాడు ఆమెకి ఒక దర్శనం లాంటిది కలిగింది. పద్మాసనం వేసుకుని, దక్షిణామూర్తిలా మౌనంగా కూర్చున్న ఒక సిద్ధ పురుషుడు కనిపించాడు. తేరుకుని చూసేసరికి లేడు. కలో, నిద్రమెలకువో, మరేమిటో. దాన్ని ఎలా తీసుకోవాలన్నది చదివేవాళ్ళ ఇష్టం. ఆమె మాత్రం అలాంటి గురువు ఎక్కడో ఉన్నాడనే నమ్మింది. ఆ నమ్మకం పట్టుకుని ఇరవై ఏళ్ళకి పైగా గడిపింది. తోడబుట్టినవాళ్ళ ఇళ్ళలో ఉంటూ, ఆ ఇళ్ళ పనులు చేస్తూ, వాళ్ళ పిల్లల్ని సాకుతూ గడిచే బతుకు ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈవిడ కథ చెప్పేముందు ఆయన సంగతి కాస్త. మధురలో హైస్కూలు చదువుతున్న పదహారేళ్ళ వేంకటరామన్‌కి 1896లో ఒకరోజు చావు భయం ముంచుకొచ్చింది. డాక్టర్ని పిలవకుండా పడుకుని, చచ్చిపోయేది ఎవరు అని తనలోకి తాను చూసుకున్నాడట. ఆరు వారాలు తిరగకుండా అన్నగారి కాలేజీ ఫీజుకని ఇచ్చిన అయిదు రూపాయల్లోంచి మూడు తీసుకుని, రెండు అక్కడే పెట్టి, సెప్టెంబరు 1న అరుణాచలం చేరాడు. మళ్ళీ ఆ కొండని విడిచిపెట్టలేదు. చాలా ఏళ్ళు కొండమీది గుహల్లో ఉన్నాడు. ఆయనకి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది మన తెలుగాయనే. బొబ్బిలి దగ్గర కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని 1907లో ఆయన్ని చూసి, ఇదీ గురువంటే అని లోకానికి చాటాడు.

గణపతి ముని అడిగిన ప్రశ్నల్లో ఒకటి మనం గుర్తుంచుకోదగ్గది. తన భార్య విశాలాక్షి తరఫున అడిగాడు. ఆడది ఇల్లు విడిచి సన్యాసం తీసుకోవచ్చా అని. శాస్త్రంలో ఎక్కడా నిషేధం లేదని మహర్షి చెప్పారు. జ్ఞానం కలిగిన స్త్రీ కన్నుమూస్తే పురుషుడికి చేసినట్టే సమాధి చెయ్యాలని కూడా చెప్పారు. ఆ మాట రమణ గీతలో ఉంది. చెప్పి ఊరుకోలేదు. 1922 మే 19న ఆయన తల్లి అళగమ్మ పోయినప్పుడు దహనం చెయ్యలేదు, కొండ దిగువన సమాధి చేశారు. ఆ సమాధి చుట్టూ లేచిందే రమణాశ్రమం. ఒక తల్లి సమాధి మీద ఆశ్రమం వెలిసిందన్నమాట.

సోదరుడు డి.ఎస్. శాస్త్రిగారు చెప్పగా నాగమ్మగారు అరుణాచలం బయల్దేరింది 1941 జూలైలో. అప్పటికి ఆమెకి దాదాపు ముప్ఫై తొమ్మిదేళ్ళు. భాష రాని ఊరు, తెలిసినవాళ్ళు లేని చోటు. హాల్లో మహర్షి సోఫా మీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ళ వైపు వెళ్ళి కూర్చుంది. ఆయన ఒకసారి చూశారు. ఆ చూపుని తట్టుకోలేక తల దించేసుకుంది. అన్ని సంవత్సరాల క్రితం కనబడిన ఆ మౌనమూర్తి ఈయనేనని మనసుకి తట్టింది.

ఇంతే. ఉపదేశం లేదు, మంత్రం లేదు, తల మీద చెయ్యి పెట్టడం లేదు. కథల్లో గురువుని కలిసినప్పుడు ఉరుములు, మెరుపులు ఉంటాయి. ఇక్కడ ఒక ముసలాయన చూశాడు, ఒక విధవరాలు తల దించుకుంది. నోరు విప్పి అడగడానికి బెరుకు. కొన్నాళ్ళు అలా కూర్చుని, చివరికి తన గోడంతా తెలుగు పద్యాలుగా కట్టి, శరణాగతి అని పేరు పెట్టి ఆయన చేతికి ఇచ్చింది. గదిలో కూర్చుని నేర్చుకున్న అక్షరాలు మొదటిసారి నిజంగా అక్కరకొచ్చింది అక్కడే.

ఆయనకి తెలుగు వచ్చు. తమిళుడైన ఆయన గుహల్లో ఉన్నప్పుడు భక్తులు తెచ్చిన పుస్తకాలు చదివి తెలుగు, సంస్కృతం, మలయాళం పట్టేశారు. ఉపదేశసారాన్ని ఈ నాలుగు భాషల్లోనూ తానే రాశారు. కనుక నాగమ్మగారి పద్యాలకి దుబాసీ అవసరం రాలేదు.

ఊరికి వెళ్ళింది గానీ మనసు అక్కడే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళి, ఆశ్రమానికి దగ్గర్లో వేరే ఇల్లు చూసుకుని ఉండిపోయింది. ఆశ్రమం లోపలే ఎందుకు ఉండలేదంటారా? ఆడవాళ్ళు పొద్దుగూకేసరికి ఆశ్రమం విడిచి వెళ్ళిపోవాలన్నది అక్కడి నియమం. రాత్రిపూట ఉండడానికి లేదు. చిన్నప్పుడు బెల్లం నములుతూ చదివినప్పుడు ఇది నా చెవికి ఆనలేదు. పెద్దయ్యాక చదివితే గుచ్చుకుంది. ఆడదానికీ సన్యాసం ఉంది, సమాధి ఉంది అన్న ఆయన చుట్టూనే ఈ గీత ఎందుకు గీశారు? ఆ రోజుల లోకం తీరు, నలుగురి నోళ్ళకి భయం అని సమాధానం చెప్పుకోవచ్చు. నాకు మాత్రం పూర్తిగా సమాధానపడలేదు. నాగమ్మగారు రోజూ చీకటి పడేవేళ లేచి, అప్పుడే జరుగుతున్న ముచ్చటని సగంలో వదిలి, తన ఇంటికి నడిచి వెళ్ళిపోయేది. పొయ్యి రాజేసుకుని తన వంట తాను చేసుకునేది. ఇంత పొడుగు జీవితంలో తనకంటూ ఒక పొయ్యి, తన తలుపుకి తన చేతిలో తాళం ఉండడం ఆమెకి అదే మొదలు అని కూడా నాకు తోస్తుంది. గది అంటే ఒకప్పుడు బయటినుంచి గొళ్ళెం. ఇప్పుడు లోపల్నుంచి గడియ.

ఇక ఉత్తరాల సంగతి. శాస్త్రిగారు బ్యాంకులో పనిచేసేవారు. ఆశ్రమానికి వచ్చి వెళ్తూ, రోజూ మహర్షి సన్నిధిలో జరిగేవన్నీ నాకు ఉత్తరం రాస్తుండు అన్నారు. ఉద్యోగపు పరుగుల్లో ఉన్నవాడికి అదే సత్సంగం అనుకున్నారేమో. 1945 నవంబరు 21న మొదటి ఉత్తరం రాసింది. అలా నాలుగేళ్ళకి పైగా రాస్తూనే ఉంది. చదువుకున్న పండితులు, డాక్టర్లు, తెల్లవాళ్ళు అంతా మహర్షి చుట్టూ ఉన్నారు. వాళ్ళు ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకునేవారు. నాగమ్మగారు రాసిన తీరు వేరు. ఆయన ఏం చెప్పారన్నదే కాదు, చెబుతున్నప్పుడు ఉడుత ఎక్కడుంది, కోతి ఏం ఎత్తుకుపోయింది, ఎవరు ఏడ్చారు, ఎవరు ఉడుక్కున్నారు, అన్నీ వస్తాయి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒక పెళ్ళికి వెళ్ళొచ్చి వసారాలో కూర్చుని చెప్పినట్టు ఉంటుంది. అందుకే మా అత్తయ్యకి అది అంతలా ఎక్కింది.

ఉడుతలకి జీడిపప్పు పెట్టే ముచ్చట అందులో ఎన్నిసార్లు వస్తుందో! మహర్షి చెయ్యి డబ్బాలోకి వెళ్ళడం ఆలస్యమైతే అవి ఆయన మీదకే ఎక్కేవి. 1947లో బరోడా రాణిగారు తెల్ల నెమలిని పంపిస్తే దాన్ని కనిపెట్టుకుని ఉండడం ఇంకో సంబరం. వంటింట్లో ఆయన చేసిన పనులు మరీ బావుంటాయి. చాలా ఏళ్ళు తెల్లవారుజామునే లేచి వంటింట్లో కూరలు తరిగింది, పచ్చళ్ళు నూరింది ఆయనే. మిగిలినవి పారేస్తే ఊరుకునేవారు కాదు. తనకని ఒక ముద్ద ఎక్కువ వడ్డిస్తే తినేవారు కాదు. కొండ మీద ఉన్నప్పుడు ఒంటిమీది గుడ్డ చిరిగితే ముల్లునే సూది చేసుకుని, ఆ గుడ్డలోంచే దారం లాగి కుట్టుకున్నారట. ఈ ఉత్తరం చదివినప్పుడు మా అత్తయ్య తన పంచె కుట్లు తడుముకునేది.

ఒక భక్తురాలు లక్ష పత్రి పూజ మొక్కుకుంది. సగం అయ్యేసరికి ఎండలకి ఆకులు దొరక్కుండా పోయాయి. ఏంచెయ్యమంటారని అడగడానికి వచ్చింది. ఆకులు దొరక్కపోతే నీ ఒంటిని లక్షసార్లు గిల్లుకుని పూజ చెయ్యరాదా అని అడిగారు ఆయన. నొప్పెడుతుంది కదా అంటే, మరి చెట్టుకి పెట్టదా అన్నారు. మా ఇంట్లో ఈ ఉత్తరం చదివిన మర్నాటి నుంచి అత్తయ్య తులసమ్మ దగ్గర రాలిన దళాలే ఏరుకునేది. మా అమ్మ కోసి ఇచ్చినా పుచ్చుకునేది కాదు. ఆ ఇద్దరికీ దాని మీద కొన్నాళ్ళు గొడవ కూడా అయింది.

ఎచ్చమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ తమిళావిడ. భర్త, కొడుకు, కూతురు వరసగా పోయి, పిచ్చిదానిలా తిరుగుతూ కొండమీది స్వామిని చూడ్డానికి వచ్చింది. ఒక గంటసేపు ఆయన ఎదురుగా నిలబడి, దిగి వచ్చేసరికి గుండెల మీది బరువు దిగిపోయింది. ఆనాటినుంచి రోజూ అన్నం వండి పట్టుకెళ్ళడం మొదలుపెట్టి, దగ్గర దగ్గర నలభై ఏళ్ళు ఎండా వానా చూడకుండా చేసింది. 1945 చివర్లో ఆవిడ పోయినప్పుడు నాగమ్మగారు రాసిన ఉత్తరం ఉంది. అప్పటికి లేఖలు మొదలుపెట్టి నెలన్నర కూడా కాలేదు. మరో మోడువారిన ఆడదాని చావు గురించి ఈవిడ ఒక్క ఆర్భాటం మాట లేకుండా రాసింది. నేను చదువుతుంటే మా అత్తయ్య అటు తిరిగి పడుకుంది. ఆ రోజు బెల్లం ఇవ్వడం మరిచిపోయింది, నేనూ అడగలేదు.

నాగమ్మగారికి మహర్షి చేసిన పెద్ద కానుక ఒకటుంది. తెలుగులో ఏదైనా రాయండని ఈవిడ అడిగింది. 1947 ఫిబ్రవరిలో ఆయన అయిదు పద్యాలు రాశారు. వాటిని ఏకాత్మ పంచకం అంటారు. తమాషా ఏమిటంటే, మాటలు తెలుగువి, నడక మాత్రం తమిళంలోని వెణ్బా ఛందస్సుది. తరవాత వాటినే తమిళంలో తానే రాశారు. ఆయన చివరి రచనల్లో అది ఒకటి. లోకమంతా తిరుగుతున్న ఆ చిన్న పుస్తకం వెనక, కొలనుకొండ గదిలో తనంతట తాను ఓనమాలు దిద్దుకున్న పిల్ల అడిగిన కోరిక ఉంది. ఆయన గొప్ప సంస్కృత పండితులు అడిగితే రాశారు, కవులు అడిగితే రాశారు. ఈవిడ అడిగినా రాశారు.

అంతా పూలబాటని అనుకోకండి. నలుగురు ఉన్న చోట ఆశ్రమమైనా సంసారమే. ఈవిడ ఉత్తరాలు మహర్షి ఎదుట హాల్లో చదవడం, నలుగురూ మెచ్చుకోవడం కొందరికి కంటగింపయింది. ఆడది, అందులోనూ పెద్ద చదువులేని ఆడది రాసిందేమిటి అనుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. రాతకి అడ్డంకులు వచ్చాయి. ఆమె ఎదురు తిరిగి పోట్లాడలేదు, అలాగని కలం పారెయ్యనూ లేదు. అడ్డంకి వచ్చినప్పుడు ఆగి, వీలు చిక్కగానే మళ్ళీ రాసింది. ఇంటిపెద్దలు కసిరినప్పుడు లోపలికెళ్ళి, వాళ్ళు నిద్రపోయాక మళ్ళీ పుస్తకం తెరిచిన అలవాటు ఇక్కడ ఉపయోగపడి ఉండాలి.

లక్ష్మి అనే ఆవు గురించి రాసిన ఉత్తరం దగ్గరకొస్తే మా ఇంట్లో పని ఆగిపోయేది. 1926లో దూడగా ఆశ్రమానికి వచ్చిన ఆవు అది. మహర్షి దగ్గరికి తిన్నగా హాల్లోకి నడిచి వచ్చి తల ఆయన మీద పెట్టేది. 1948 జూన్ 18న దాని ఆఖరి ఘడియలు. ఆయన గోశాలకి వెళ్ళి పక్కనే నేల మీద కూర్చున్నారు. తల ఎత్తి పట్టుకుని, మొహం నిమిరి, గుండెల మీద చెయ్యి పెట్టారు. తల్లిని పిలిచినట్టు దాన్ని పిలిచారు. పాతికేళ్ళకి ముందు కన్నతల్లి తల మీద, గుండె మీద చేతులు పెట్టి కూర్చున్నది ఆయనే. పదకొండున్నరకి లక్ష్మి ప్రాణం పోయింది. దానికీ సమాధి కట్టించి, ముక్తి పొందిందని తమిళంలో పద్యం రాశారు.

నాగమ్మగారు ఇది చూస్తూ నిలబడింది, చూసింది చూసినట్టు రాసింది. అమ్మ పోయినప్పుడు పదేళ్ళ పిల్ల. ఆ రాతలో ఏ మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిందో మనం ఊహించుకోవాల్సిందే.

ఆ ఏడాది చివర మహర్షి ఎడమ మోచేతి మీద చిన్న కాయలాంటిది లేచింది. 1949లో నాలుగుసార్లు ఆపరేషను చేశారు. అది క్యాన్సరు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచేది. ఆ ఏడాదే మార్చిలో మాతృభూతేశ్వరాలయానికి కుంభాభిషేకం జరిగింది. అంత నొప్పితోనూ ఆయన వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళు ఏడుస్తుంటే, వెళ్ళడానికి నేనెక్కడికి వెళ్తాను అన్నట్టు ఓదార్చేవారు. ఓదార్పు మనసుకి అందేది గానీ కళ్ళకి అందేది కాదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకి, బయట భక్తులు అరుణాచల స్తుతి పాడుతుండగా ఆయన కన్నుమూశారు. అదే క్షణంలో ఆకాశంలో ఒక వెలుగు సాగిపోవడం చూశామని చాలామంది చెప్పారు. ఆ రోజుల్లో అక్కడే ఉన్న ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్టియర్ బ్రెస్సన్ కూడా చూశాడు.

ఆ తరవాత నాగమ్మగారు ముప్ఫై ఏళ్ళు బతికారు. లేఖలు తెలుగులో పుస్తకాలుగా వచ్చాయి. శాస్త్రిగారే వాటిని ఇంగ్లీషు చేశారు. ఎవరికి ఉత్తరాలు అందాయో ఆయనే లోకానికి అందించారన్నమాట. తన జీవితం గురించి కూడా ఆవిడ ఒక పుస్తకం రాసింది. అందులోనూ తన గురించి తక్కువే. 1980లో వెళ్ళిపోయింది.

మా అత్తయ్య అంతకంటే ముందే పోయింది. ఎన్నడూ అరుణాచలం చూడలేదు. ఒకసారి మా నాన్న తీసుకెళ్తానన్నాడు. పిల్లల పరీక్షలనో, డబ్బులు లేవనో వాయిదా పడింది, పడుతూనే ఉంది. అడిగి వేధించే మనిషి కాదు గనక అందరం మరిచిపోయాం. ఇది మా ఇంటి తప్పు, నాకూ అందులో వాటా ఉంది. అప్పటికి నేను ఉద్యోగం చేస్తున్నాను, టిక్కెట్టు కొనగలిగినదాన్నే.

2009లో మావారు పోయారు. అప్పటికి కాలం ఎంత మారిందనుకున్నా, ఏడాది తిరక్కుండా ఎక్కడికీ కదలకూడదని చెప్పినవాళ్ళున్నారు. ఎదురొస్తే పక్కకి తప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. చదువుకున్నవాళ్ళే. ఏడాది గడిచాక, ఇద్దరు స్నేహితురాళ్ళతో తెనాలిలో రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో తిరువణ్ణామలై వెళ్ళాను. ఎటు చూసినా తెలుగు మాటలే. గిరి ప్రదక్షిణకని వచ్చిన బస్సులు, పులిహోర పొట్లాలు, చంకల్లో పిల్లలు. పధ్నాలుగు కిలోమీటర్లు మోకాళ్ళ నొప్పులతో నడిచేవాళ్ళు, ఆటోలో చుట్టేసేవాళ్ళు. పుస్తకాల దుకాణంలో లేఖలు కొత్త అట్టతో నీటుగా పేర్చి ఉన్నాయి. నేను కొనలేదు. నా సంచిలో అట్ట లేనిది ఉంది.

మహర్షి కూర్చున్న పాత హాల్లో కాసేపు కూర్చున్నాను. నిశ్శబ్దంగానే ఉంది, నా మనసే నిశ్శబ్దంగా లేదు. ఇంట్లో గ్యాసు కట్టేశానా అన్న ఆలోచన కూడా వచ్చిందంటే నమ్మండి. లేచి బయటికొచ్చి లక్ష్మి సమాధి దగ్గరికి వెళ్ళాను. ఒక నెమలి ప్రహరీ మీద కూర్చుని అరుస్తోంది. సంచిలోంచి పుస్తకం తీశాను. ఆ ఉత్తరం ఉన్న కాగితం మూల మా అత్తయ్య చేతి నూనె మరకకి పసుపుపచ్చగా ఉంది. గట్టు మీద కూర్చుని, పెదవులు కదుపుతూ, మధ్యలో ఒక్క వాక్యం కూడా మింగకుండా, మొదటినుంచి చివరిదాకా చదివాను.